డాక్టర్ ఆడుకోమన్నారు, కాలు మాత్రం పడట్లేదు

ప్రశ్న: సార్, నాకు 24 ఏళ్లు, గుంటూరు. కబడ్డీలో రైడర్‌ని. కిందటేడు ఒక మ్యాచ్‌లో గిర్రున తిరగబోతే కుడి మోకాల్లో టప్‌మంది. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగిందన్నారు, ఆపరేషన్ అయి పది నెలలు. లిగమెంట్ గట్టిగానే ఉంది, ఆడుకోమన్నారు డాక్టర్. బీఆర్ స్టేడియంలో పరుగు బాగానే తీస్తున్నా, మ్యాట్ ఎక్కి కుడికాలి మీద తిరగాలంటే మాత్రం గుండె దడ. అమ్మయితే కబడ్డీ మాటెత్తితేనే ఏడుస్తోంది. నేను పిరికివాణ్ణయిపోయానా?

జవాబు: పిరికితనమేం కాదు తమ్ముడూ. ఈ ఆపరేషన్ తర్వాత మోకాలు కుదురుకున్నా భయంతోనే ఆట మానేసేవాళ్లు బోలెడుమంది, ఆ భయాన్ని కొలవడానికి ఏసీఎల్-ఆర్‌ఎస్‌ఐ అని 12 ప్రశ్నల ఫారమే ఉంది. పైగా నీ భయంలో కొంత నిజం కూడా ఉంది. కుర్రవయసులో, గిర్రున తిరిగే ఆటల్లో మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువే, అదీ ఒక్కోసారి బాగున్న రెండో మోకాలికి.

అయితే ఇదంతా మనసుదేనా, తొడ బలం చాలక కాలే వెనక్కి లాగుతోందా అన్నది ముందు తేలాలి. డాక్టర్ చేత్తో లాగి చూసి గట్టిగా ఉందన్నది లిగమెంట్ సంగతి, తొడ కండ సంగతి వేరు. తొమ్మిది నెలలు దాటడమన్నది కనీస గడువే తప్ప పాసైనట్టు కాదు. ఫిజియో దగ్గర రెండు తొడల బలం మెషీన్ మీద కొలిపించుకో, ఒంటికాలితో గెంతి ఎంత దూరం వెళ్తున్నావో టేపుతో చూడు, ఆపరేషన్ కాలు రెండో దానితో పోలిస్తే 90 శాతానికి తగ్గకూడదు (నెలల తరబడి ఆట లేక ఎడమకాలూ నీరసించి ఉంటుంది కాబట్టి ఈ అంకె చూసి మరీ సంబరపడకు). గ్యాలరీ మెట్టు మీంచి రెండు కాళ్లతో కిందికి దూకి, ఎదురుగా ఫ్రెండ్‌ని నిలబెట్టి స్లోమోషన్‌లో వీడియో తీయించు. ఎడమకాలు ముందు ఆనుతోందా? కుడి మోకాలు లోపలికి వాలుతోందా? మోకాలు వంగకుండా ధబ్‌మని పడుతున్నావా? భయపడేవాళ్లు ఇలాగే బిగుసుకుని దిగుతారు, దాంతో మోకాలి మీద దెబ్బ ఇంకా ఎక్కువ పడుతుంది.

ఇవన్నీ బాగుంటే ఇక భయం సంగతి. అది పూర్తిగా పోయాక ఆడదామనుకుంటే ఎప్పటికీ ఆడలేవు. ముందు జాగింగ్‌లో నువ్వనుకున్న వైపు తిరుగు, తర్వాత ఫ్రెండ్ అరిచిన వైపు, ఆ తర్వాత ఖాళీ మ్యాట్ మీద ఒక్కడివే కూత పెట్టి రైడ్ చెయ్, ఆపై ముట్టుకోవడమే తప్ప పట్టుకోని ఒక డిఫెండర్ మీదికి వెళ్లు. చీలమండ పట్టుకునే యాంకిల్ హోల్డ్, డిఫెండర్లు చేతులు కలిపి పట్టే చైన్ అన్నిటికన్నా చివర. టెన్షన్ పదికి మూడో నాలుగో ఉంటే ఫర్వాలేదు, కానిచ్చెయ్. మర్నాడు పొద్దున మోకాలు వాచినా, నొప్పి పెరిగినా ఒక మెట్టు వెనక్కి రా. నీక్యాప్ అంటావేమో, ధైర్యానికి వేసుకో, మెలిక పడకుండా అదేమీ ఆపదు.

తోటివాళ్లు తొందరపెడితే రిషబ్ పంత్‌ని చూపించు. 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో కుడి మోకాలి లిగమెంట్లు తెగాయి, మళ్లీ ఐపీఎల్‌లో దిగింది 2024 మార్చిలో.

అమ్మని మాటలతో ఒప్పించాలని చూడకు, ఫిజియో దగ్గరికి ఒకసారి వెంటబెట్టుకెళ్లు. ఆ టప్‌మన్న శబ్దం నిద్రలో కూడా వినిపించి ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం ఈ కసరత్తులొక్కటే చాలవు, గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వాసుపత్రి) మానసిక వైద్య విభాగం ఉంది, వెళ్లి చూపించుకో.