ఐర్లాండ్‌ల పందెం గుర్రాలను తయారుచేసిన విన్సెంట్ ఓబ్రయన్‌ని అంత గొప్ప ట్రైనర్ అని ఎందుకంటరు?

మా నాన్న మలక్‌పేట రేస్‌కోర్సుల సైసు పని, అంటే గుర్రాలను చూసుకునే పని చేసిండు, నేను నాలుగేండ్ల సంది ఐర్లాండ్‌ల, కిల్డేర్ దిక్కు ఒక లాయంల గుర్రాలు చూసుకుంటున్న, అందుకే ఈ ప్రశ్న చూడంగనే రాయబుద్ధయింది.

ఇంగ్లండ్‌ల పేరుమోసిన గుర్రప్పందెం ఎప్సమ్ డెర్బీని ఆరు సార్లు గెలిచిండని అందరు చెప్తరు. కానీ ఆయన మొదలు పేరు తెచ్చుకున్నది కంచెలు దుంకే పందాలల్ల. 1953, 54, 55 వరుసగ మూడు గ్రాండ్ నేషనల్‌లు (ఇంగ్లండ్‌ల పెద్ద కంచెల పందెం), మూడు వేరే వేరే గుర్రాలతోని! నాలుగు మైళ్లకు పైన ఉరికి ముప్పై కంచెలు దుంకే గుర్రాన్ని తయారుచేసుడు వేరు, మైలున్నర డెర్బీకి మూడేండ్ల పిల్లగుర్రాన్ని తయారుచేసుడు వేరు. ఒక్క మనిషి రెండూ చేసిండు. మధ్యల 1960 సంవత్సరంల చామోర్ అనే ఆయన గుర్రానికి టెస్టుల డ్రగ్ జాడ దొరికిందని ఓబ్రయన్ ట్రైనర్ లైసెన్సు తీసేసిన్రు, ట్రైనర్‌గ తమ్ముడు ఫోన్సీ పేరు మీద అదే గుర్రం ఐరిష్ డెర్బీ గెలిచింది.

నాకైతే నిజిన్‌స్కీ అనే గుర్రం ముచ్చటే అన్నిట్ల ఎక్కువ ఇష్టం. ఓబ్రయన్ వేరే గుర్రాన్ని చూడనీకి కెనడా పోయి, అది నచ్చక, అక్కడనే ఉన్న నిజిన్‌స్కీని కొనమని ఓనర్‌కు చెప్పిండు, 84,000 కెనడా డాలర్లకు కొన్నరు. ఐర్లాండ్‌ల టిప్పరరీ దిక్కున్న ఓబ్రయన్ లాయం బాలీడాయిల్‌కు తెచ్చినంక అది ఓట్స్ ముడుతలేదు. కెనడాల గుళికల దాణాకు అలవాటైందని తెలిసి అదే తెప్పించిన్రు, అది వచ్చే టైముకు గుర్రం ఓట్స్ తినుడు షురూ చేసింది.

ఈ ముచ్చట నాకు మా లాయంల ఒక పెద్దాయన చెప్పిండు. మా దగ్గర గూడ గట్లనే అయింది: ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆడగుర్రం ఒకటి మూడు రోజులు తొట్టిల మూతి పెట్టలే, నాకు నిద్ర లేదు, పాత లాయానికి ఫోన్ చేపించి అడిగితే అది కింద నేల మీద పెడితేనే తింటదట. తొట్టి దించి కింద పెట్టినం, తెల్లారి చూస్తే గింజ మిగలలే. మా నాన్న కూడా గట్లనే, పొద్దున గుర్రం కాళ్లు చూసేకంటె ముందు తొట్టి చూసేటోడు. ట్రైనర్ అంటే టైమర్ పట్టుకొని నిలబడేటోడు అనుకుంటరు గని, సగం పని ఇదే.

ఆ ఓట్స్ ముట్టని నిజిన్‌స్కీనే 1970 సంవత్సరంల జాకీ లెస్టర్ పిగట్ ఎక్కి 2000 గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ అనే మూడు పెద్ద ఇంగ్లండ్ పందాలు గెలిచిండు. అప్పటి సంది ఒక్క ఏడాదిల ఆ మూడు గెలిచిన గుర్రం ఇంకోటి లేదు.