మోహనలో లాలి కట్టిన అమ్మడికి

అమ్మడూ,

నువ్వు సొంతంగా మోహన రాగంలో ఒక లాలి కట్టావనీ, గాత్రం, వయొలిన్, పియానోతో సంక్రాంతికి కచేరీలో పెడుతున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వినగానే గర్వంతో ఒళ్లు పొంగింది. ఫోన్ పెట్టేశాక గుబులు మొదలైంది. అదేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తాను. పాడే అమ్మాయి శ్రుతి ఎంతో ఇవాళే అడుగు. ఐదున్నర అందంటే నీ షడ్జమం, అంటే సా, పియానో మీద జి షార్ప్ మెట్టు మీదికి వెళుతుంది. సి మీద సాధన చేసి ఆఖరి వారంలో మారుస్తానంటే వేళ్లు మాట వినవు. హాల్లో పియానోని ఎప్పుడు శ్రుతి చేయించారో కనుక్కో. వరుసని తంబూరా మీద ఒట్టిగా పాడి చూడు. అక్కడ నిలవని వరుసను ఏ కార్డూ, అంటే కలిపి మోగించే ఏ స్వరాల గుంపూ, నిలబెట్టలేదు.

ఇక అసలు సంగతి. పోయిన దసరాకి నువ్వు పంపిన రికార్డింగు గుర్తుందా? వరుస ఎంత హాయిగా ఉందో! కానీ ప్రతి స్వరం కిందా ఒక కార్డు కుక్కావు. గాకి ఒకటి, రీకి ఒకటి, సాకి ఒకటి. రెండావర్తాలు (తాళం రెండు చుట్లు) అయ్యేసరికి అది ఏ రాగమో పోల్చుకోవడమే కష్టమైంది. ఈసారీ అదే చేస్తావేమోనని నా భయం. ఎందుకు చెడిందో తెలియకపోతే మళ్లీ చెడుతుంది కాబట్టి ఓపిగ్గా చదువు.

షడ్జమం సి అనుకో. మోహనకి ఉన్న మెట్లు సి, డి, ఇ, జి, ఎ. ఈ ఐదింటిలోంచి పూర్తిగా కుదిరే మేజర్, మైనర్ కార్డులు రెండే: సి మేజర్, ఎ మైనర్. చెయ్యి అలవాటు కొద్దీ ఎఫ్ మేజర్ మీదికి పోతుంది. దాని పునాదే శుద్ధ మధ్యమం, అంటే మ. జి మేజర్‌లో బి ఉంది, అది కాకలి నిషాదం, అంటే ని. పాడేది మోహనే అయినా చెవికి మ, ని రెండూ అందుతున్నాయి. మోహన ఆరోహణ అలాగే ఉండి అవరోహణలో ఆ రెండూ చేరితే బిలహరి రాగం కదా! డి మేజర్ వేశావా, అందులోని ఎఫ్ షార్ప్ ప్రతి మధ్యమం, మోహనకల్యాణి రాగం వైపు లాగుతుంది. గొంతు ఒక్క అన్యస్వరం పలకకపోయినా నీ ఎడమచెయ్యి రాగాన్ని మార్చేసింది. దసరా రికార్డింగులో జరిగింది ఇదే.

అందుకని కార్డులు తగ్గించు. ఎనిమిది అక్షరాల ఆది తాళంలో సమం, అంటే మొదటి అక్షరం, మీద ఒకటి, ద్రుతం (రెండక్షరాల భాగం) మొదలయ్యే ఐదో అక్షరం మీద ఇంకొకటి, అంతే. కొన్ని ఆవర్తాలకి ఆ రెండోది కూడా వద్దు. ఊపిరి కావలసిన చోట సి-డి-జి, లేదా జి-ఎ-డి పట్టు. అన్నీ మోహన స్వరాలే, పైగా మేజరో మైనరో తేల్చి చెప్పవు, గొంతుకి దారి వదులుతాయి.

అలాగని నీ పక్కన పియానో దేనికని అలగకు. దానికొక గొప్ప శక్తి ఉంది. పైన గాంధారం (ఇ) పట్టుకుని కదలకుండా ఉండు. కింద సి మేజర్ వేస్తే అది తేటగా నవ్వుతుంది. ఎ మైనర్ వేస్తే అదే గాంధారం ఎ నుంచి లెక్కిస్తే పంచమమై, కాస్త దిగులుతో స్థిమితపడుతుంది. కింద ఎఫ్ మేజర్ వస్తే ఎఫ్‌కి అది ఏడో స్వరం, గుండెలో ఏదో లాగినట్టుంటుంది. పైన స్వరం మారలేదు, దాని అర్థం మారింది. ఎఫ్ వద్దన్నాను కదా, ఒక్కచోట మాత్రం ఒప్పుకుంటాను: ఆఖరి చరణంలో గాంధారం మీద నిలిచేచోట, ఒకే ఒక్కసారి. అంతవరకూ మధ్యమం చెవిన పడకపోతేనే అక్కడ కళ్లు చెమ్మగిల్లుతాయి.

దీన్ని నేర్చుకోవాలంటే షోపాన్ పియానోకి రాసిన చిన్న రచన, ఇ మైనర్ ప్రెల్యూడ్ దగ్గర కూర్చో. 1839లో అచ్చయిన ఓపస్ 28 అనే సంపుటిలో నాలుగోది, మొత్తం 25 బార్లే (తాళపు గడులే). మొదటి మూడు బార్లలో కుడిచెయ్యి బి, సి మధ్యే ఊగుతుంది. ఇక్కడ ఇ ని సా అనుకుంటే మన లెక్కలో పంచమం, శుద్ధ ధైవతం. ఎడమచేతిలో మూడు స్వరాల కార్డు ఆగకుండా మోగుతూ, ఒకసారి ఒక వేలు, ఇంకోసారి ఇంకో వేలు, అరస్వరం చొప్పున కిందికి జారుతుంది. పైవరుస దాదాపు ఏమీ చెయ్యదు, దుఃఖమంతా ఆ జారుడులో ఉంది. 1849లో పారిస్ మదలేన్ చర్చిలో ఆయన అంత్యక్రియలప్పుడు దీన్నే ఆర్గన్ మీద వాయించారు. రోజూ ఎడమచెయ్యి ఒక్కటే, చాలా నెమ్మదిగా వాయించు. ఏ వేలు కదిలిందో, ఏవి కదలకుండా ఉన్నాయో పైకి చెప్పుకుంటూ వాయించు. నీ లాలిలోనూ కార్డు మారినప్పుడు ఉమ్మడి స్వరం మీద వేలు ఎత్తొద్దు.

మధ్య సి నుంచి ఒక స్థాయి (ఆక్టేవ్) కిందున్న సి కంటే దిగువన గాంధారం దూరంలో రెండు స్వరాలు కలిపి వాయించకు, బురదలా వినిపిస్తుంది. అక్కడ ఐదో స్వరమో స్థాయో ఉంచి, గాంధారాన్ని ఒక స్థాయి పైకి తీసుకుపో. పెడల్ కొత్త కార్డు మోగిన క్షణంలో ఎత్తి మళ్లీ తొక్కు. ముందే ఎత్తితే తెగుతుంది, ఎత్తకపోతే పాతది కొత్తదానిలో కలుస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతున్నది వయొలిన్. తంబూరాకి కలిపి నిలబెట్టే గాంధారం కంటే పియానో గాంధారం సుమారు 14 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ, ధైవతం సుమారు 16. పాడే అమ్మాయీ, వయొలిన్ వాయించేవాళ్లూ గాంధారం మీద ఆగినప్పుడు నువ్వూ అదే మెట్టు మీద పట్టుకుని ఉంటే రెండూ రాసుకుంటాయి. జనం ఆ అమ్మాయి అపశ్రుతి పాడిందనుకుంటారు. పాపం, తప్పు ఆమెది కాదు. వాళ్లు ఆగే చోట నువ్వు సా, పా మాత్రమే పట్టు. నీ వంతు వచ్చాక గాంధారం తనివితీరా వాయించుకో. చిన్నప్పుడు హార్మోనియం మీద వరుస అందకపోతే మెట్లని గట్టిగా నొక్కేదానివి. ఇప్పుడూ పియానో గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలకనన్నప్పుడు అలాగే గట్టిగా కొడతావు. వద్దు తల్లీ. గమకం ఉన్నచోట పియానో ఆపెయ్, గొంతుకి వదిలెయ్.

మణికట్టు లాగితే ఆ రోజుకి లేచిపో, మొండికెయ్యకు.

ముందుగా పైవరుస, బాస్ (అన్నిటికంటే కింది వరుస) ఈ రెండే ఫోన్లో రికార్డు చేసి పంపు. మధ్య స్వరాలు అప్పుడే వద్దు. ఆ రెండూ కలిసి పాడుకునేలా ఉంటే మిగతాది ఒక సాయంత్రం పని. లేకపోతే బాస్ మార్చి మళ్లీ పంపు, ఎన్నిసార్లయినా వింటాను.

నీ
పెదనాన్న