ఉద్యోగంలో చేరిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అల్లిపురం, విశాఖపట్నం

అమ్మలూ,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ మూడుసార్లు చదివాను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతానని కాగితం తీసుకుని కూర్చున్నాను. జూన్‌లో బాప్తిస్మం తీసుకున్నావు, ఆగస్టులో ఉద్యోగంలో చేరావు. "పెద్దమ్మా, ఆరాధనలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఆఫీసుకి వెళ్ళాక నేను విశ్వాసినన్న సంగతి నాకే గుర్తుండట్లేదు" అన్నావు. రోజుకి రెండు గంటలు మోకరించమని చెప్తాననుకున్నావేమో. ప్రార్థన గురించి తర్వాత చెప్తాను. ముందు డబ్బు సంగతి మాట్లాడుకోవాలి. నీది అకౌంట్స్ పని, మాది కిరాణా కొట్టు. మనిద్దరికీ పరీక్ష వచ్చేది అక్కడే.

దొంగత్రాసు దేవునికి హేయమని సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనమే చెప్తుంది. మీ పెదనాన్న ఆ మాట కాగితం మీద రాసి కాటా వెనక గోడకి అంటించారు. ఇరవై ఏడేళ్ళు మా కొట్లో తూకం ఎప్పుడూ తగ్గలేదు. అయినా నేను తప్పు చేశాను. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆదివారం. నీకప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయేమో. ఆ రోజు ఆరాధన జరగలేదు. మర్నాడు తలుపు తీస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్టుకి నోటికొచ్చిన రేటు చెప్తున్నారు. కొట్లో ఒక అట్టపెట్టె నిండా కొవ్వొత్తులున్నాయి. 30 రూపాయల ప్యాకెట్టు 60 అన్నాను. ఎవ్వరూ బేరమాడలేదు, తీసుకెళ్ళారు. ఒకావిడ చిల్లర అంతా బల్ల మీద పోసి, రూపాయి రూపాయి లెక్కపెట్టి ఇచ్చింది. ఆవిడ చేతివేళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, ఇంట్లోకొచ్చిన నీళ్ళు ఎత్తిపోస్తూ వచ్చినట్టుంది. రాత్రి ఆ కొవ్వొత్తుల్లోదే ఒకటి వెలిగించి లెక్క రాయబోయాను. పదకొండు ప్యాకెట్లు, పైన వచ్చింది 330. ఆ అంకె రాయడానికి నా చెయ్యి కదల్లేదు. మీ పెదనాన్న చూశారు, ఒక్క మాట అనలేదు. పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని "ఎవరెవరికి అమ్మావో చెప్పు" అన్నారు. ఇద్దరం విరిగిన కొమ్మలు దాటుకుంటూ ఇంటింటికీ వెళ్ళి తిరిగిచ్చాం. తొమ్మిది మంది దొరికారు, ఆ చిల్లరావిడతో సహా. ఇద్దరు మా వీధివాళ్ళు కారు, ఎక్కడివాళ్ళో తెలియలేదు. వాళ్ళ 60 రూపాయలు చాలాకాలం సొరుగులోనే ఉంచాను, ఎప్పుడైనా వస్తారని. రాలేదు.

ఎందుకు చెప్తున్నానంటే, సుంకం వసూలుచేసే జక్కయ్య ప్రభువుని ఇంట్లో చేర్చుకున్న రోజునే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. లూకా 19లో ఉంది, చదువు. జక్కయ్య రక్షణ డబ్బుసంచి దాకా వెళ్ళింది. మనది అంతదాకా వెళ్ళిందా లేదా అని ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండాలి. ఆటోకి 80 అయితే 150 అని బిల్లు పెట్టమని పక్క సీటు వాళ్ళు చెప్తున్నారన్నావు. పెట్టకు. వాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యడం, వాళ్ళకి వాక్యం చెప్పడం కూడా వద్దు. నీ బిల్లు నువ్వు 80 అని రాసి ఊరుకో. నెల రోజులు ముభావంగా ఉంటారు, తర్వాత వాళ్ళ డబ్బు దాచమని నీకే ఇస్తారు. మా కొట్లో అలాగే జరిగింది.

సార్ గదిలోనే ఉండి "లేరని చెప్పు" అంటే ఏం చెయ్యాలని అడిగావు. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువే చెప్పారు కదా. "సార్ ఇప్పుడు మాట్లాడలేరండీ, మీ పేరు చెప్పండి, రాసి పెడతాను" అను. అది అబద్ధం కాదు, సార్‌కీ ఇబ్బంది లేదు. ఇలాంటి వాక్యాలు నాలుగైదు ముందే తయారుగా పెట్టుకో. అప్పటికప్పుడు టెన్షన్‌లో నోటికి అబద్ధమే ముందొస్తుంది.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను. మీ ఫ్లాట్‌లో పనిచేసే ఆమెకి విడిగా గ్లాసు ఉందని మాటల్లో అన్నావు. నువ్వు పెట్టలేదు, ముందునుంచీ ఉందన్నావు. ఆ గ్లాసు తీసెయ్యి తల్లీ. మన తాతలకి ఒకప్పుడు అలాగే విడిగా గ్లాసులు పెట్టారు. మన వాళ్ళు ప్రభువు బల్ల దగ్గర అందరితో కలిసి ఒకే రొట్టె తీసుకున్న రోజున ఎందుకు ఏడ్చారో నీకు తెలుసు. ఒకటో తారీఖున ఆమె జీతం ఆమె చేతిలో పెట్టు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19లోనే రాసి ఉంది.

ఎవరైనా ప్రసాదం ఇస్తే ఏం చెయ్యాలన్న సంగతి. మన సంఘంలోనే దీని మీద రెండు మాటలున్నాయి, నేననుకునేది చెప్తాను. ప్రేమగా ఇచ్చినప్పుడు రెండు చేతులూ జోడించి "మేము తీసుకోమండీ, ఏమీ అనుకోకండి" అను. మొహం చిట్లించకు, వాళ్ళ దేవుడి గురించి ఒక్క మాట తూలకు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో పౌలు ఎదుటివాడి మనస్సాక్షి గురించి ఎంతో ఆలోచించాడు. వినాయక చవితి చందా అడిగితే, "దానికి ఇవ్వలేనండీ, అన్నదానానికి బియ్యం ఇస్తాను" అని నేనంటాను. అది కూడా తప్పనేవాళ్ళున్నారు. ఆకలికి బియ్యం ఇవ్వడంలో నాకు తప్పు కనిపించలేదు. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చూశావుగా, 32 కిలోమీటర్లు, హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట మీదుగా చెప్పుల్లేకుండా రాత్రంతా నడుస్తారు. కాళ్ళు బొబ్బలెక్కిన ముసలావిడ నీ గేటు ముందు కూర్చుంటే మంచినీళ్ళు ఇవ్వడానికి పాస్టరుగారిని అడగక్కర్లేదు. హార్బరు దగ్గర రాస్ హిల్ మీద మరియమ్మ చర్చి, పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరుడి గుడి ఎన్నేళ్ళ నుంచి పక్కపక్కనే ఉన్నాయి! ఈ ఊళ్ళో మనం బతకాల్సింది అలాగే.

సాక్ష్యం ఎలా చెప్పాలని కూడా అడిగావు. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ మన విశాఖపట్నం వచ్చి, మొదట తెలుగు నేర్చుకుంటూ కూర్చున్నారు. ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో సువార్తలు తెలుగులోకి మార్చారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఇద్దరూ చూడనేలేదు. నీకు ఆఫీసులో చేరి రెండు నెలలే అయింది. ముందు వాళ్ళ పిల్లల పేర్లు తెలుసుకో, ఎవరి అమ్మకి షుగరు ఉందో తెలుసుకో. నీ నిరీక్షణ ఏంటని వాళ్ళే అడిగే రోజు వస్తుంది, అప్పుడు చెప్పు.

సెలవు రోజు కేజీహెచ్ పెద్దాసుపత్రికి మా స్త్రీల సమాజంతో రా. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళు వరండాల్లో పడుకుని ఉంటారు. మేము అన్నం, పప్పుచారు, ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకెళ్తాం. "తిన్నారా?" అని అడగడమే మొదటి మాట. ఫోన్ మాత్రం సంచిలోంచి తియ్యకు. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదంటే స్టేటస్‌లో అసలు పెట్టకూడదు.

ప్రార్థనకి పొద్దున్న పావుగంట చాలు, మానకుండా చెయ్యి. రోజుకొక కీర్తన చదువు. 150 కీర్తనలు అయిదు నెలల్లో పూర్తవుతాయి, మళ్ళీ మొదలుపెట్టు.

చివర్లో రాసిన విషయం మర్చిపోయాననుకోకు. నీ రూమ్మేట్‌తో పదకొండు రోజులుగా మాటల్లేవన్నావు, తప్పు తనదేనన్నావు. అయ్యుండొచ్చు. నీ మీద నీ సహోదరునికి విరోధమేదైనా ఉందని గుర్తొస్తే కానుక బలిపీఠం ముందు వదిలేసి వెళ్ళి సమాధానపడమన్నారు ప్రభువు, మత్తయి 5లో. తప్పెవరిదో తేలాక వెళ్ళమనలేదు. ఈ శనివారం రాత్రి రెండు టీలు పెట్టు. ఒకటి తనకివ్వు. ఏం మాట్లాడాలో తెలియకపోతే "టీలో పంచదార సరిపోయిందా" అని అడుగు. ఆదివారం ఆరాధన అయ్యాక తనని కూడా తీసుకుని భోజనానికి రండి. వంజరం పులుసు పెడతాను. తను చేపలు తినకపోతే ముందే ఫోన్ చెయ్యి, పప్పు వండుతాను.

నీ పెద్దమ్మ