తాతగారి కరోలాకు సుజుకీ ఇంజిన్ పెట్టించవచ్చా?

సందేహం: మా తాతగారు కువైట్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు టయోటా కరోలా కారు తెచ్చుకున్నారు. 1978లో ఇక్కడ రిజిస్టర్ అయింది. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, గడువు కూడా దాటిపోయింది. బండిని బాగుచేయించి నేను నడుపుకోవాలని కోరిక. పాత ఇంజిన్ తీసేసి సుజుకీ ఇంజిన్ పెడదామని, స్టీరింగ్ కుడివైపుకు మారుద్దామని మెకానిక్ అంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?
- ఒక పాఠకుడు, రాజంపేట

జవాబు: ఇంజిన్ మాత్రం తీయించకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. టయోటాలో సుజుకీ ఇంజిన్ అంటే కంపెనీ, నంబరు, సీసీ అన్నీ మారినట్టే. 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగి క్లెయిమ్‌కు వెళితే బీమా కంపెనీ మొదట అడిగేదీ ఈ మార్పు గురించే.

జరిమానా కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులేవీ లేని సొంత కార్లకు ఆ గుర్తింపు ఇస్తారు. 1978 నుంచి లెక్కిస్తే మీ కారు 2028లో అర్హత పొందుతుంది. కువైట్‌లో అంతకుముందే రిజిస్టర్ అయి ఉంటే ఆ కాగితం వెతికి పెట్టుకోండి, ఆ తేదీ నుంచే లెక్కించాలని వాదించవచ్చు. ఇన్నేళ్లు కాపాడుకున్న బండికి ఈ దశలో ఇంజిన్ మార్చి ఆ అవకాశం పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. పాత ఇంజిన్‌నే విప్పించి బోరు, పిస్టన్లు, వాల్వులు చేయించండి. ఖర్చు ఎక్కువైనా అదే సరైన దారి.

అయితే వింటేజ్ గుర్తింపు వచ్చాక బండిని రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతులు, ఇంతవరకే. రోజూ నడపాలంటే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్షతో రెన్యువల్ చేయించుకోవాలి. 20 ఏళ్లు దాటిన బండ్ల రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో బాగా పెంచారు. దిగుమతి చేసుకున్న నాలుగు చక్రాల బండికి ఏకంగా 80,000 రూపాయలు. వింటేజ్ కింద కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. రెండూ పక్కపక్కన పెట్టి ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించండి. ఆర్‌సీ లేకుండా మాత్రం రోడ్డెక్కించకండి, షెడ్డుకు కూడా వేరే బండి మీద ఎక్కించి పంపండి.

స్టీరింగ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. 120వ సెక్షన్ ప్రకారం, మలుపు సూచించే సిగ్నల్ పరికరం సరిగా పనిచేస్తుంటే ఎడమవైపు స్టీరింగ్ ఉన్న బండిని ఇక్కడ నడపవచ్చు. ఇండికేటర్ వైరింగ్ కొత్తగా వేయించండి, చాలు. స్టీరింగ్‌ను కుడివైపుకు మార్చాలంటే డాష్‌బోర్డు, దాని వెనక రేకు కోయాలి. అది బాడీలో మార్పు కిందకే వస్తుంది.

అదే రంగు వేయించడానికి, బ్రేకులు, రబ్బర్లు మార్చడానికి అడ్డు లేదు. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి.

ఇక వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది కారు ఎవరిదని. తాతగారు వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది మీ నాన్నగారికి, పెదనాన్న, బాబాయిలకు, మేనత్తలకు, నానమ్మగారు ఉంటే ఆమెకు సమానంగా చెందుతుంది. నాన్నగారు ఉండగా మీకు నేరుగా హక్కు రాదు. అందరి దగ్గరా అభ్యంతరం లేదని రాయించుకుని, మరణ ధ్రువపత్రంతో ఫారం 31 దాఖలు చేయండి. మూడు నెలల్లో చేయాల్సిన పని కాబట్టి ఆలస్య రుసుము పడుతుంది. అప్పట్లో కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ ఇంట్లో ఎక్కడైనా ఉందేమో చూడండి, వింటేజ్ దరఖాస్తుకు కావాలి.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్, ఛాసిస్ నంబర్ల ఫొటోలు తీసుకోండి. తుప్పు పట్టిన రేకు కోసి వెల్డింగ్ చేసేటప్పుడు ఆ నంబర్లున్న చోటు ముట్టుకోవద్దని మెకానిక్‌కు ఇచ్చే కాగితం మీదే రాయించి, సంతకం తీసుకోండి.