రాజకీయ పాడ్‌కాస్ట్ చేస్తే మా అమ్మాయి మీద ముద్ర పడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. జర్నలిజంలో పీజీ చేస్తానంటూనే స్నేహితులతో కలిసి ఇంటర్వ్యూల పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. ఈ మధ్య రాజకీయ నాయకులను పిలుస్తోంది. ఫలానా పార్టీ మనిషి అనే పేరు పడితే రేపు ఉద్యోగం ఎవరిస్తారు? పీజీ మేలా, పాడ్‌కాస్టే మేలా? – ఒక తండ్రి

జవాబు: పీజీనా, పాడ్‌కాస్టా అని అడిగారు గానీ మీ టెన్షన్ అంతా ఆ ముద్ర గురించే. ఇదే ప్రశ్న నన్ను చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఒకరిని మెత్తగా, ఇంకొకరిని నిలదీసి అడిగితే ముద్ర పడుతుంది. అందరినీ ఒకేలా అడిగే మనిషిని మొదట్లో రెండు వైపులవాళ్లూ తిట్టినా, మెల్లగా నమ్ముతారు. కాబట్టి కంగారు పడకండి.

నా అనుమానం వేరే. ఇప్పుడు గంటల తరబడి హాయిగా కబుర్లు చెప్పుకునే పద్ధతి బాగా నడుస్తోంది. 2024 అక్టోబరులో, అమెరికా అధ్యక్ష ఎన్నికలు ఇంకా కొద్ది రోజులే ఉండగా, ట్రంప్ పాడ్‌కాస్ట్ హోస్ట్ జో రోగన్ దగ్గర దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. అదే నెలలో ఆయన ప్రత్యర్థి కమలా హారిస్ 'కాల్ హర్ డాడీ' అనే పాడ్‌కాస్ట్‌కు వెళ్లారు. 2025 మార్చిలో అమెరికా పాడ్‌కాస్టర్ లెక్స్ ఫ్రిడ్‌మన్‌తో మోదీ సంభాషణ కూడా మూడు గంటల పైమాటే. ఇంత పని ఉన్నవాళ్లు అంతసేపు ఎందుకిస్తారు? అక్కడ చిన్ననాటి కబుర్లు చెప్పుకోవచ్చు, మాట మధ్యలో అడ్డుపడేవాళ్లు తక్కువ. ఆ కబుర్లలోనే ఒక తప్పుడు లెక్క దొర్లిపోతుంది, హోస్ట్ తలూపుతారు, వినేవాళ్లు అది నిజమనుకుంటారు. తర్వాత ఎవరైనా అడిగితే "నేను జర్నలిస్టును కాదు కదా" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఓటు అడిగే మనిషికి మైకు ఇచ్చాక బాధ్యత వద్దంటే కుదరదు.

అమెరికాలో 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం రేడియో, టీవీ స్టేషన్లు ఒక అభ్యర్థికి సమయమిస్తే ప్రత్యర్థికీ అదే అవకాశం ఇవ్వాలి (వార్తా ఇంటర్వ్యూలకు మినహాయింపు ఉంది). పాడ్‌కాస్ట్‌కు అది వర్తించదు. అంటే న్యాయంగా ఉండాలా వద్దా అన్నది పూర్తిగా హోస్ట్ చేతిలోనే ఉంది. అయినా చెరో గంట ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఒకరికి జ్ఞాపకాలు, ఇంకొకరికి క్రాస్ ఎగ్జామినేషన్ అయితే గడియారం చూసి ఏం లాభం?

1977లో బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ను ఇంటర్వ్యూ చేస్తున్నాడంటే, వినోద కార్యక్రమాల మనిషి ఏం అడగగలడని చాలామంది అనుకున్నారు. రికార్డు చేసింది 28 గంటల పైనే. కానీ నిక్సన్ పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణం దగ్గర ఫ్రాస్ట్ గట్టిగా నిలబడింది, పరిశోధకులు తవ్వి తెచ్చిన కాగితాలు చేతిలో ఉండబట్టే. మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది అదే. జవాబు వచ్చాక ఎదురు ప్రశ్న వేయగలగాలంటే ముందే చదివి ఉండాలి.

ఇక మీ సంగతి. కోపం తెచ్చుకోకండి, మీరు ఒక్క ఎపిసోడ్ అయినా పూర్తిగా విన్నారా? వచ్చిన అతిథుల గురించి రాశారు, మీ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్కటీ రాయలేదు. ఒకవేళ ఎవరో పంపిన నిమిషం క్లిప్ మాత్రమే చూసి ఉంటే, దాంతో కూతురి భవిష్యత్తు తేల్చేయడం అన్యాయం. ఆమె అతిథులతో ఎలా ఉండాలని మనం కోరుకుంటున్నామో, ఆమెతో మీరూ అలాగే ఉండాలి కదా.

పీజీ చేయించండి. పరువు నష్టం చట్టం, ఎడిటింగ్, తప్పు రాస్తే దిద్దే గురువు అక్కడ దొరుకుతారు. పాడ్‌కాస్ట్ మాత్రం ఆపించకండి. దాని ఆదాయం మీద ఇల్లు గడుస్తుందని అనుకోవద్దు, చాలామందికి గడవదు. కానీ పరిశోధన, కార్యక్రమాల నిర్మాణం, ఫ్యాక్ట్ చెక్ ఉద్యోగాలకు వెళ్లినప్పుడు చూపించడానికి చేతిలో పని ఉంటుంది. నాయకుల మనుషులు డబ్బు ఇస్తామంటే వద్దనమనండి. ప్రశ్నలు ముందే పంపమంటే, అంశాలు చెప్పి ప్రశ్నలు తన దగ్గరే ఉంచుకోమనండి.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఒక ఎపిసోడ్ మొదటి నుంచి చివరి దాకా వినండి. మీకు బొత్తిగా నచ్చని నాయకుడు వచ్చినదైతే ఇంకా మంచిది.