ప్యాకింగ్ మార్చడం పెద్ద పనేం కాదు, నట్లు ఊడితే

"2002 మోడల్ మారుతి 800 ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ దగ్గర టకటకమని శబ్దం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. వచ్చే ఆదివారం ఇంటి దగ్గర నేనే మార్చుకోవచ్చా?" అని మీరు అడిగారు.

మార్చుకోవచ్చు. నేనూ మార్చాను. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే బుధవారం సాయంత్రానికి అయిపోయింది.

నాది 1984 అంబాసిడర్, మార్క్ 4. నాన్నగారు కొన్న కారు. లోపల ఉన్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, బ్రిటిష్ వాళ్ల బీఎంసీ బి-సిరీస్. ఇంజన్ పొగని సైలెన్సర్ పైపులోకి పంపే ఇనుప గొట్టం మానిఫోల్డ్, అది ఇంజన్‌కి అతికేచోట పొగ కారకుండా మధ్యలో పెట్టే పల్చటి రేకు గ్యాస్కెట్. షెడ్లలో గ్యాస్కెట్‌ని ప్యాకింగ్ అంటారు, నాకూ అదే అలవాటు. 2015లో ఆ ప్యాకింగ్ ఒక్క ఏడాదిలో మూడుసార్లు మార్పించాను. రెండు నెలలు తిరగకుండానే మళ్లీ టకటక. "డూప్లికేట్ మాల్ సార్, ఈసారి ఒరిజినల్ వేద్దాం" అన్నారు. ఒరిజినల్ కూడా పోయింది. మూడోసారి ప్యాకింగ్‌కి రెండువైపులా ఎర్ర సిలికాన్ పేస్టు దట్టంగా పూసి, ఇక లైఫ్‌లో చూసుకోనక్కర్లేదు అన్నారు. అది నెల తిరక్కుండా మాడి పెచ్చులు లేచిపోయింది.

ఆ డిసెంబర్‌లో రాజమండ్రి నుంచి అన్నవరం బయల్దేరాం. చలికి అద్దాలన్నీ ఎత్తేశాం. జగ్గంపేట దాటేసరికి వెనక సీట్లో అమ్మ "తల దిమ్మెక్కిపోతోందిరా" అంది. తెల్లారుజామునే లేచింది, ఏమీ తినలేదు, అందుకే అనుకున్నాం. కాసేపటికి మా పిల్లాడు కూడా వాంతి వస్తోందన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. కారు ఆపి నాలుగు తలుపులూ తీశాను. మానిఫోల్డ్ దగ్గర కారిన పొగ బానెట్ కింద నుంచి లోపలికి వచ్చేస్తోంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అదే దాంతో వచ్చిన చిక్కు. మిగిలిన దారంతా అద్దాలు దించుకుని వణుక్కుంటూ వెళ్లాం. కాబట్టి "శబ్దమే కదా, ఇంకో నెల నడిపిద్దాం" అనుకునే రకమైతే మానుకోండి.

తిరిగొచ్చాక, ఇక ఎవరినీ నమ్మకూడదని నేనే దిగాను. వీడియోలు చూశాను. వాటిలో నట్లు వెన్నపూసలా ఊడొస్తాయి. ఆ ఇంజన్లు తుడిచి ముగ్గు పెట్టిన అరుగుల్లా ఉంటాయి. మనవాటికేమో ముప్పై ఏళ్ల తుప్పు, మసి, దాని మీద ఎవరో పూసిన గ్రీజు.

అంబాసిడర్‌వి అంగుళాల నట్లు. మానిఫోల్డ్ నట్టుకి అరంగుళం పానా పట్టాలి, అంటే 12.7 మిల్లీమీటర్లు. షెడ్లో ప్రతి ఒక్కడూ 13 నెంబరు పానాతో కానిచ్చేస్తాడు. ఆ 0.3 తేడా మామూలు నట్టు మీద తెలియదు. వేడికి పట్టేసి, తుప్పుతో కరుచుకుపోయిన నట్టు మీద మాత్రం మూలలన్నీ అరిగిపోతాయి. నాకంటే ముందు చేసిన మహానుభావులు నాలుగు నట్లని అప్పటికే గోళీకాయల్లా చేసిపెట్టారు. అంబాసిడర్ మీద 13 నెంబరు పానా వేసినవాడికి లైసెన్సు రద్దు చేయాలంటాను. మెకానిక్‌కి లైసెన్సే లేదు కదా అంటారా, అదే నా బాధ.

ఎలాగో అన్నీ తీశాను. చివరిది వెనక మూల, చెయ్యి సరిగ్గా దూరదు. గట్టిగా లాగితే కదిలింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంకో పావు తిప్పు. వెన్నలా వస్తోంది. అంత తేలిగ్గా రాకూడదని నాకు తెలిసి ఉండాల్సింది. టప్‌మని పానా చేతిలోకి వచ్చేసింది, అందులో నట్టు, నట్టులో స్టడ్డు ముక్క, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ ముక్క. మిగతా ముక్క ఇంజన్ పై భాగం, అదే హెడ్‌లో, పైకి అరవేలు కూడా లేకుండా. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఆవిడ భోజనానికి పిలిచి, నా మొహం చూసి ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయింది.

మంగళవారం లేత్ షాపు బాబాయ్ వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి, మోపెడ్ మీద వెల్డింగ్ సామాను కట్టుకుని. రాగానే స్టడ్డు వంక చూడలేదు. కార్బొరేటర్ విప్పించి, పెట్రోల్ పైపు మూతి బిగించి, బ్యాటరీ వైరు పీకించాడు. అప్పుడు విరిగిన ముక్క మీద కొత్త నట్టు పెట్టి, దాని మధ్యలోంచి వెల్డింగ్ కొట్టాడు. ఎర్రగా కాలింది. నేను పానా అందుకోబోతే చెయ్యి మీద కొట్టాడు. "చల్లారనీ బాబూ." టీ తాగాడు, మా గేటు మీద పెయింటు బాగోలేదన్నాడు. తర్వాత కొంచెం బిగిస్తూ, కొంచెం వదులుతూ, మళ్లీ బిగిస్తూ, పది నిమిషాల్లో ముక్కని చేతిలో పెట్టాడు. ఇంపాక్ట్ గన్‌తో ట్రట్‌మని లాగే ఇప్పటి కుర్రాళ్లకి ఆ టీ తాగే భాగం ఎవరూ నేర్పలేదు.

అసలు సంగతి ఆ తర్వాత. మానిఫోల్డ్ ఒళ్లో పెట్టుకుని, దాని ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి పట్టాడు. మధ్యలో సందు. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.3 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరిపోయింది. ఈ ఇంజన్లో రెండు, మూడు సిలిండర్ల పొగ మధ్యలో ఒకే రంధ్రంలోంచి వస్తుంది. వేడంతా అక్కడే, ఇనుము వంగేదీ అక్కడే. నా మూడు ప్యాకింగ్‌లూ కాలింది కూడా సరిగ్గా ఆ చోటే. తర్వాత కారు కిందకి వంగి చూసి నవ్వాడు. సైలెన్సర్ పైపుని వేలాడదీసే రబ్బరు లేదు. దాని బదులు ఎవరో కట్టుతీగ కట్టారు, అదీ జారిపోయింది. పైపు బరువంతా మానిఫోల్డ్ మీదే వేలాడుతోంది. గోతిలో పడ్డ ప్రతిసారీ ప్యాకింగ్‌ని పీకుతోంది. ముగ్గురు మెకానిక్‌లు కారు కింద దూరారు, ఒక్కడికీ కనబడలేదు.

నన్నడిగితే ప్యాకింగ్ తనంతట తాను పోవడం అనేది లేదు. వంగిన మానిఫోల్డో, తెగిన రబ్బరో, ఇంజన్‌ని మోసే మౌంటింగ్ కుంగడమో దాన్ని చంపుతుంది. కారణం వదిలేసి ప్యాకింగ్ మార్చడమంటే పైకప్పు కారుతుంటే కింద బకెట్ మార్చడమే.

లేత్‌లో ఫేసింగ్ కొట్టించాను, అంటే వంగిన ముఖాన్ని చదును చేయించాను, 400 తీసుకున్నాడు. గాలి పీల్చే మానిఫోల్డ్, పొగ వదిలే మానిఫోల్డ్ రెండూ మా బండికి ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి కాబట్టి రెండూ ఒకే మట్టానికి రావాలి. పాత ప్యాకింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా గీకొద్దు, తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని గీకండి. కొత్తవి ఇత్తడి నట్లు వేశాను, అవి తుప్పుపట్టి కరుచుకోవు. సిలికాన్ ఒక్క చుక్క పూయలేదు. మధ్య నుంచి చివరలకి కొంచెం కొంచెంగా బిగించి, ఇంజన్ వేడెక్కి చల్లారాక మరోసారి బిగించాను. తర్వాత ఇప్పటిదాకా దాని జోలికి పోలేదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000 చేశారు, ఆ దెబ్బే తప్ప బండి నన్నేమీ బాధపెట్టలేదు.

మీ సంగతికొస్తే, ముందు అది ప్యాకింగేనా అని చూసుకోండి. చల్లటి ఇంజన్లో టకటక వచ్చి వేడెక్కాక తగ్గితే చాలావరకు ప్యాకింగే, ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది. వేడెక్కినా అలాగే ఉంటే వాల్వులని తెరిచే ట్యాపెట్లు చూపించండి. మానిఫోల్డ్ అంచున నల్లటి మసి చార కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

మీ 800కి అంగుళాల గొడవ లేదు, అదొక అదృష్టం. కానీ నాది పోత ఇనుము హెడ్, మీది అల్యూమినియం. వేడి మీద పానా వేస్తే స్టడ్డుతో పాటు మరలు కూడా ఊడొస్తాయి, పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. ఆదివారం అన్నారు కాబట్టి టైముంది. ఇవాళ్టి నుంచి రోజూ రాత్రి ఆ నట్లకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి పడుకోండి. సైలెన్సర్ రబ్బర్లు ఉన్నాయో, కట్టుతీగ ఉందో మాత్రం ఇప్పుడే ఒకసారి వంగి చూడండి.