ఒకే దేశానికి యూసీడీపీ, ఏక్లెడ్ లెక్కలు వేరువేరుగా ఎందుకుంటాయి?

యూసీడీపీ, ఏక్లెడ్ దేశదేశాల్లో జరిగే సంఘర్షణల ఘటనల్ని నమోదు చేసే రెండు సమాచార జాబితాలు. రెండూ లెక్కపెట్టేది ఒకే విషయాన్ని కాదు, అందుకే అంకెలు కలవవు. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం నడిపే యూసీడీపీ జాబితాలోకి ఒక ఘటన రావాలంటే సంఘటిత పక్షం ఆయుధబలం వాడి ఉండాలి, కనీసం ఒక్కరైనా చనిపోయి ఉండాలి. ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న పోరులో ఏడాదికి 25 మరణాలకు చేరితే సాయుధ సంఘర్షణ, 1000కి చేరితే యుద్ధం. ఏక్లెడ్ అలా కాదు. నిరసన ప్రదర్శనైనా, మూక దాడైనా, ప్రాణనష్టం లేకపోయినా సరే, తేదీ, ఊరు, పాల్గొన్నవాళ్ల వివరాలతో ప్రతి ఘటననూ పట్టికలో ఒక వరుసగా ఎక్కిస్తుంది.

కోనసీమ జిల్లా పేరు మార్పుపై 2022 మే 24న అమలాపురంలో రేగిన గొడవే తీసుకోండి. మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబెట్టారు, ఎవరూ చనిపోలేదు. ఏక్లెడ్ నిబంధనల ప్రకారం అది అల్లర్ల కిందికి వస్తుంది, యూసీడీపీలో దానికి చోటే లేదు.

ఏక్లెడ్‌లో భారత్ పేరిట ఉన్న వేల వరుసలు చూసి ఇక్కడేదో యుద్ధం నడుస్తోందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. విలేకరులు చేరలేని చోట మరణాలు తక్కువగా నమోదైతే అక్కడ ప్రశాంతంగా ఉందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. పోల్చాలంటే ముందు ఏక్లెడ్ నుంచి నిరసనలు, అల్లర్లు తీసేసి, వరుసల్ని లెక్కపెట్టడం కాక మరణాల గడుల్లోని అంకెల్ని కూడండి. రెండు జాబితాలనూ మాత్రం కలపొద్దు, ఒకే ఘటన రెండుసార్లు పడుతుంది.